గాలి మోసే బరువు

ముందు చప్పుడు వినిపించాలి, మనిషి కనిపించడం తర్వాత సంగతి అనుకుంటూ కమాన్ల మేస్త్రి కొండ అడుగున బండరాయి మీద కూర్చుని చెవులు రిక్కించాడు. లారీల కింద పట్టీ మీద పట్టీ పేర్చి బిగించే ఇనుప కమాన్లు బాగుచేస్తూనే అతని జుట్టు నెరిసింది. అందుకని లోకంలో ఏ బండి వస్తున్నా అతనికి ముందు దాని కమాన్లు వినిపిస్తాయి, తర్వాతే బండి. నూనె చూడని పట్టీలు కిర్రుమంటాయి, విరిగిన పట్టీ టపటపా కొట్టుకుంటుంది, బాగున్న కమాను గుంతలో పడి లేచినప్పుడు గొంతు సవరించుకున్నట్టు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంటుంది. భోజనం ముందు కూర్చుని కూడా వీధిలో పోయే లారీకి జబ్బేమిటో చెప్పేసేవాడు, భార్య ముందు అన్నం తినండి మహానుభావా అని కసిరేది. ఇవాళ వినాల్సింది లారీని కాదు. పైన చెట్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దిగి వచ్చే సన్నటి మట్టిదారిని, ఆ దారి చివరి మలుపుని, ఆ మలుపులోంచి రావలసిన సైకిలుని, దాని మీద ఉన్న కూతుర్ని. ఇందాక ఆ సైకిలుని నడిపించుకుంటూ పైకి పోయింది, చెట్లలో కలిసిపోయేదాకా వెనక్కి తిరిగి చూడలేదు, అతనూ పిలవలేదు. పిలిస్తే ఏం చెప్పాలి, జాగ్రత్త అనాలి, ఆ మాట పొద్దుట్నుంచి ఎన్నిసార్లు అన్నాడో అతనికే లెక్క లేదు.

ఒక్కసారి దిగి చూస్తాను నాన్నా, అంది నిన్న, గిన్నెలు తుడుస్తూ, ఏదో కూరగాయలు తెస్తానన్నంత మామూలుగా. పైనుంచి కిందకి ఒక్కసారే. విరిగి అతికిన ఈ చెయ్యి ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే సైకిలు ఎవరికైనా ఇచ్చేస్తాను, మళ్ళీ దాని మాటెత్తను. ఎముకల డాక్టరు కూడా ఇంచుమించు అదే చెప్పింది, చెప్పడం మాత్రం మెత్తగా చెప్పింది. బరువు మోస్తుందమ్మా ఈ చెయ్యి, లాగుతుంది, ఎత్తుతుంది, కానీ దెబ్బ మీద దెబ్బలా అదురు తగిలితే ఊరుకోదు, నొప్పి మొదలైతే ఇక ఈ ఆట మానెయ్యాల్సిందే, అంది. కూతురు తలూపింది. అలా తలూపడం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు. పుట్టినప్పట్నుంచీ ఆ పిల్ల ఎవరేం చెప్పినా ముందు కాదనే అంటుంది, తర్వాత ఆలోచిస్తుంది, అందులో తల్లి పోలికో తండ్రి పోలికో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు సరే డాక్టరుగారూ అంది. ఆ సరేకే మేస్త్రి భయపడ్డాడు. కాదనే పిల్ల సరే అందంటే లోపల ఏదో వదిలేసుకుంటోందన్నమాట, కొండల్లో సైకిలు తొక్కడం తప్ప మరేదీ గట్టిగా కోరుకోని పిల్ల ఆ ఒక్కదాన్నీ వదిలేసుకోడానికి సిద్ధపడుతోందన్నమాట.

రాయి చల్లగా ఉంది. దాని మీద పాకిన నాచు అతని వేళ్ళకి తడితడిగా తగులుతోంది, కింద చీమలు ఒకదాని వెనక ఒకటి ఎండుటాకు చుట్టూ తిరిగి పోతున్నాయి, ఆకుని ఎక్కి దిగొచ్చు కదా, లేదు, చుట్టూ తిరిగే పోతాయి. వాటికి కమాన్లు లేవు మరి. ఆరేసి కాళ్ళున్నాయి, అవే కమాన్లు. ఆ మాటకొస్తే మనిషి మోకాలు మాత్రం ఏమిటి, మోచెయ్యి ఏమిటి, మణికట్టు ఏమిటి. ఎక్స్‌రే వెలుగు పలక మీద పెట్టినప్పుడు చూశాడు తను, కూతురి మణికట్టులో బూడిదరంగు ఎముకలు నదిలో గులకరాళ్ళలా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని ఉన్నాయి, వాటి మీద తెల్లగా మెరుస్తూ ఒక లోహపు పట్టీ, పట్టీకి మరలు. మరలు. జీవితమంతా ఇనుములో మరలు బిగించినవాడు తన పిల్ల ఎముకలో మరలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఎవరో తనలాంటివాళ్ళే కొలిచి, రంధ్రం పొడిచి, మరీ బిగించకుండా, మరీ వదులు చెయ్యకుండా తిప్పి ఉంటారు. ఎంతవరకు తిప్పాలో ఆ చేతికి ఎలా తెలిసిందో. ఆ డాక్టరు చేతులు చూశాడు తర్వాత, చిన్నవి, పొట్టి వేళ్ళు, దణ్ణం పెట్టాలనిపించింది, పెడితే కూతురు సిగ్గుపడుతుందని ఊరుకున్నాడు.

అక్కడే తలుపు సంగతి కూడా. కట్టు మార్చే గది బయట కూర్చున్నప్పుడు ఎవరో విసురుగా తలుపు తోసుకుని పోయారు, ధడాలున పడుతుందని మేస్త్రి భుజాలు బిగించుకున్నాడు, పడలేదు. విసురుగా వచ్చింది వచ్చినట్టే వచ్చి చివర్లో ఎవరో పట్టుకుని ఆపినట్టు నెమ్మదించి చప్పుడు లేకుండా మూసుకుంది. లేచి వెళ్ళి తెరిచాడు, వదిలాడు. మళ్ళీ తెరిచాడు. పైన చిన్న పెట్టె, దానికో ఇనుప చెయ్యి. నర్సు వచ్చి పెద్దాయనా మీరు లోపలికి వెళ్తున్నారా బయటికి వస్తున్నారా అనడిగితే వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. ఆ పెట్టెలో నూనె ఉంటుందని, ఆ నూనె సన్నటి బెజ్జంలోంచి దూరి పోవలసి రావడం వల్లే తలుపు నెమ్మదిస్తుందని కూతురే చెప్పింది, చెప్పి, సైకిలుకి కొనబోయే కొత్త ఫోర్కులో కూడా ఉండేది ఇదే నాన్నా అంది. ఒక కాల్లో నూనె, ఇంకో కాల్లో గాలి. తను నమ్మలేదు. నూనె అంటే రాసేదే గాని తలుపుల్ని పట్టి ఆపేదా.

ఫోర్కు అంటే సైకిలు ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే జంట గొట్టాలు, అంతే, అని తీసిపారేశాడు మొదట్లో. పాత ఫోర్కు లోపల పట్టేసింది, కదలడం మానేసింది, దిగుడులో రాయి తగిలితే ఆ రాయి విసురంతా తిన్నగా చేతుల్లోకి వచ్చింది, పిల్ల ఎగిరి చెయ్యి ఆనించి పడింది. అందుకని కొత్తది కొనాల్సి వచ్చినప్పుడు నేనూ వస్తానన్నాడు మేస్త్రి, వచ్చి పెత్తనం చేశాడు. షాపావిడ మూడు ఫోర్కులు బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో చుట్ట స్ప్రింగు, చేతిలోకి తీసుకోగానే బరువు, ప్రాణం లేచొచ్చినట్టయింది, ఇదీ వస్తువంటే, అన్నాడు. ఇంకోటి బాగా పొడుగు, దిగే జాగా ఎక్కువ, దాన్ని చూసి ఇంకా మురిసిపోయాడు, ఎక్కువ దిగితే మంచిదేగా అమ్మా. షాపావిడ నవ్వలేదు, ఓపికగల మనిషి, సైకిలు పక్కకి తెచ్చి ఆ పొడుగుదాన్ని ఆనించి చూపించింది. చూడండి, ముందు భాగం ఎలా లేచిపోయిందో. ఈ చట్రం దీనికి పుట్టలేదు. ఎక్కుడులో ముందు చక్రం నేల వదిలేస్తుంది, మలుపులో మాట వినదు. మేస్త్రి తలకి ఎక్కింది, ఎందుకెక్కదు, బారెడు కమాను తెచ్చి చిన్న బండికి వేస్తే ఏమవుతుందో చెప్పాల్సిన పనిలేదు. మూడోది మిగిలింది. తీసుకుంటే గాలిలా తేలిపోయింది. ఇందులో స్ప్రింగేదమ్మా. గాలేనండి స్ప్రింగు. మేస్త్రి నవ్వాడు, షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. కూతురు మాత్రం ఆ ఫోర్కుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మోచేతి మీదకి తీసుకుంది. నొప్పి చేతి మీదకే. నాన్నా, స్ప్రింగుదైతే బరువుకి తగ్గ చుట్ట వెతుక్కోవాలి. ఇదైతే నా బరువెంతో అంత గాలి పెట్టుకోవచ్చు. రేపు నేను సన్నబడినా లావెక్కినా దీనికి చెబితే చాలు. చెబితే చాలట, అదేదో మాట వినే మనిషైనట్టు.

చప్పుడు.

మేస్త్రి లేచాడు. పైనుంచి వస్తోంది, గలగలా, దబదబా, గొలుసు చట్రానికి కొట్టుకుంటోంది, రాళ్ళు ఎగిరి ఆకుల్లో పడుతున్నాయి. ఇది కాదు, ఇది మనది కాదు అని చెవి చెబుతూనే ఉంది, కాళ్ళు మాత్రం ముందుకి పోయాయి. మలుపులోంచి సైకిలు ఊడిపడినట్టు వచ్చింది, దాని మీద కూతురితో కలిసి తొక్కే పొడుగాయన, మోచేతులు రెండూ ఎగిరెగిరి పడుతున్నాయి, పళ్ళు బిగించి ఉన్నాడు. ముందు చక్రం వేరు నుంచి వేరుకి గెంతుతోందే గాని మధ్యలో నేలని తాకడం లేదు. దిగి, చేతులు విదిలించుకుంటూ, బాబాయ్ మీరా, అన్నాడు. అమ్మాయి పైన ఉంది. కూర్చుంది.

"కూర్చుందా?"

"రాయి మీద కూర్చుంది బాబాయ్. సైకిలు పక్కన పెట్టుకుని. కలిసి దిగుదామా అంటే నువ్వు పద అంది. నేనింకేం అడగలేదు."

మంచి పని చేశావు బాబూ, అన్నాడు మేస్త్రి. అతను నీళ్ళు తాగి, ఓసారి పైకి చూసి, తిరిగి సైకిలెక్కి రోడ్డు వైపు పోయాడు. గలగల చాలాసేపు వినిపించి ఆగింది. కూర్చుంది. ఇక్కడ తను రాయి మీద, పైన అది రాయి మీద. మధ్యలో కొండంత దారి. ఎక్కిపోదామా అనుకున్నాడు, మోకాలు వెంటనే నా సంగతి చూసుకో అంది. ఎక్కి వెళ్ళి ఏం చేస్తాడు, పద ఇంటికి పోదాం అంటాడు, అంటే వచ్చేస్తుంది, ఈ మధ్య ఏమన్నా సరే అంటోందిగా, వచ్చేస్తుంది, అదే భయం. పిల్లలు పడిపోతారని తండ్రులు భయపడతారు, అది అందరికీ తెలిసిన భయమే. పడకుండానే ఆగిపోతుందేమోనన్న భయం కూడా ఒకటుంటుందని, అది మొదటిదానికన్నా పెద్దదని అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. తండ్రి అన్నవాడు వద్దమ్మా అనాలి కదా. వద్దు అనే మాట నాలుక చివరే ఉంది. దాన్ని మింగి రాయి మీద కూలబడ్డాడు.

చిన్నప్పుడు ఇది కమాన్ల షెడ్డులోనే నిద్రపోయేది. పాత లారీ సీటు ఒకటి గోడవార ఉండేది, తల్లి కుట్టు మిషను మీద పని ఎక్కువైన రోజుల్లో తెచ్చి అక్కడ పడుకోబెట్టి పోయేది. ఇటు కొలిమి, అటు సుత్తి, ఎర్రగా కాలిన పట్టీ మీద దెబ్బ పడితే పక్క వీధిలో కుక్కలు లేచేవి, ఇది లేచేది కాదు. నోరు తెరుచుకుని, పిడికిళ్ళు బిగించుకుని, హాయిగా. సుత్తి ఆగిందా, కళ్ళు తెరిచేది. ఠక్కున. నిశ్శబ్దానికి లేచే పిల్లని ఎక్కడా చూడలేదు బాబూ అని పనివాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు, అది లేవకుండా ఉండాలని అన్నాలు తినేటప్పుడు కూడా ఒకడు వంతులేసుకుని ఉత్త ఇనుము మీద కొడుతూ ఉండేవాడు. ఆ పిడికిళ్ళు. ఇప్పుడు అందులో ఒకదాని కింద మరలు. అప్పుడూ ఇప్పుడూ పిడికిలి బిగించడం మాత్రం మానలేదు, హ్యాండిలు పట్టుకుంటే వేళ్ళ కణుపులు తెల్లబడతాయి. పట్టు వదులు చెయ్యవే అని తను, వదులు చేస్తే పడిపోతానని అది.

ఆ పట్టు చూసే కదా తనకి తప్పుడు తెలివి పుట్టింది పోయిన వారం. ఫోర్కు బిగించడం దాకా బాగానే ఉంది. తర్వాత పెరట్లో గోడ ఆసరాగా సైకిలుని నిలబెట్టి, పిల్లని ఎక్కించి, చూశాడు. తొక్కేటప్పుడు ఏం వేసుకుంటావో అన్నీ వేసుకుని ఎక్కమని షాపావిడ చెప్పింది, టోపీ, బూట్లు, వీపున నీళ్ళ సంచి, అన్నీ వేసుకుని ఎండలో పెళ్ళికూతురిలా కూర్చుంది. గొట్టానికి సన్నటి రబ్బరు ఉంగరం ఉంటుంది, ఫోర్కు ఎంత దిగితే అంత జరిగి అక్కడే ఉండిపోతుంది, అది సాక్షి. పిల్ల మెల్లగా ఎక్కింది, మెల్లగా దిగింది, చూస్తే గొట్టం నాలుగో వంతు కిందికి దిగిపోయినట్టు ఉంగరం చూపించింది. అలాగే దిగాలి నాన్నా, అంది. మేస్త్రి ముఖం మాడిపోయింది. మనిషి ఊరికే కూర్చుంటేనే దిగిపోయే కమానా. అతని షెడ్డులో అలాంటిది తయారైతే తల ఎక్కడ పెట్టుకుంటాడు. బరువు పడ్డా వంగనిది కమాను, లోడు మీద లోడు వేసినా వంపు నిలుపుకునేది కమాను, డ్రైవర్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేది అందుకే. పిల్ల లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చేలోగా చేతి పంపు తగిలించి కొట్టాడు. పంపు మీది ముల్లు పైకి పోతుంటే మనసు కుదుటపడింది. మళ్ళీ ఎక్కమన్నాడు, ఇప్పుడు చూడు, ఉంగరం జరగనే లేదు, ఇదీ గట్టిదనమంటే. ఆ పిల్ల ఏదో అనబోయి, తండ్రి ముఖంలో వెలుగు చూసి కాబోలు, మానేసింది. సందు చివర రాళ్ళు లేచిపోయిన చోట రెండు చుట్లు తిరిగి వచ్చింది. సైకిలు గోడకి ఆనించింది. చెయ్యి పొట్టకి అదిమి పట్టుకుని లోపలికి పోయింది.

భార్య అప్పుడు గుమ్మంలో కూర్చుని ఎవరిదో చొక్కా చంక విప్పుతోంది. ఆవిడ కుట్టుపని ఆవిడది, ఇనుము గొడవ ఆవిడకి అక్కర్లేదు, కానీ కళ్ళు మాత్రం సూదిలో దారం ఎక్కించే కళ్ళు. వచ్చి, ఆ ఉంగరాన్ని వేలితో తాకి చూసి, "ఇది కదలనే లేదు కదండీ" అంది.

"అదే కదా గొప్ప."

"కదలకపోతే గొప్పేమిటి? ఈ చొక్కా చూడండి. ఎవరో ఒంటికి కొలిచి కొలిచినంతే కుట్టారు, దారం వాసి వదల్లేదు. చెయ్యి ఎత్తగానే చంకలో చిరిగింది. ఒంటికన్నా కాస్త ఎక్కువ వదలాలి. ఆ వదులు మనిషి నిలబడ్డప్పుడు వేలాడుతున్నట్టే ఉంటుంది. మనిషి కదిలినప్పుడు దాని పని తెలుస్తుంది."

అని, చొక్కా తీసుకుని లోపలికి పోయింది, పిల్ల చేతికి వేడినీళ్ళు కాచడానికి. మేస్త్రి పెరట్లో ఒక్కడూ నిలబడిపోయాడు. ఒంటికాలి మీద లేచేవాడే మామూలుగా, ఆ రోజు లేవలేదు. ఖాళీ లారీ. అదీ గుర్తొచ్చింది. ఖాళీ లారీ తోలడమంటే నరకం మేస్త్రీ, ఎముకలు ఊడిపోతాయి, లోడు పడితేనే మెత్తగా పోతుంది, అని డ్రైవర్లు చెప్పేవాళ్ళు, ఒకరు కాదు ఇద్దరు కాదు, టీ తాగుతూ ప్రతివాడూ చెప్పినదే. వింటూ తలూపేవాడు. ఎన్నేళ్ళు తలూపాడు. లోడు పడితే కమాను కాస్త దిగుతుంది, దిగి ఉంటేనే చక్రం కింద గుంత వచ్చినప్పుడు ఆ గుంతలోకి చాచడానికి దానికి జాగా ఉంటుంది. పూర్తిగా లేచి నిలబడ్డదానికి ఇంకెక్కడికి చాచే వీలుంది. గుంత వస్తే నేల కిందికి పోతుంది, చక్రం గాల్లో ఉండిపోతుంది, తర్వాత పడుతుంది, ఆ పడడమే దెబ్బ. గట్టు వచ్చినప్పుడు లోపలికి ముడుచుకోవడమే కమాను పని అనుకున్నాడు తను, గుంత వచ్చినప్పుడు కిందికి చాచడం కూడా దాని పనేనని, ఆ చాచడానికి ముందే కాస్త దిగి సిద్ధంగా ఉండాలని, ఇంత సంగతి తన చేతుల కిందే రోజూ జరుగుతుంటే చేతులకి తెలిసి తనకి తెలియలేదు. ఎవరో పెద్దాయన ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

పంపు తగిలించి, పక్కనున్న బుడిపె నొక్కాడు. సుయ్ మంది. కొంచెమే. పిల్లని పిలిచాడు, కోపం చెయ్యకుండా వచ్చింది, ఎక్కింది, దిగింది. ఉంగరం కొంచెం జరిగింది. మళ్ళీ సుయ్. మళ్ళీ ఎక్కింది. ప్రతిసారీ కాస్త కిందికి, ఇంకాస్త కిందికి, చివరికి నాలుగో వంతు దగ్గర ఆగింది. మేస్త్రి వంగి చూశాడు. పిల్ల కాళ్ళు నేల మీద లేవు. ముందు బరువంతా ఆ గొట్టంలో ఉన్న పిడికెడు గాలి మీద ఉంది. ఈ పెరట్లో గాలే, ఆరేసిన బట్టల్ని ఊపుతున్న గాలే, తను పీలుస్తున్న గాలే, కాస్త మూసిపెడితే మనిషిని మోస్తోంది. మోస్తూ, ఎంత బరువో అంతే దిగి, చాలు అని ఆగింది. ఎవరు చెప్పారు దానికి చాలు అని. ఇనుముని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ కాల్చి, ఇంత రాపాడితే గాని రాని గుణం గాలికి ఊరికే, పుట్టుకతోనే ఉందా. కూతురు పైనుంచి ఏమైంది నాన్నా అంది. ఏం లేదమ్మా అన్నాడు.

తర్వాత రెండు రోజులూ ఇద్దరికీ అదే పని. ఫోర్కు కాలి కింద చిన్న ఎర్రమర ఉంది, అది తిప్పితే నూనె దూరే బెజ్జం సన్నమవుతుంది, వెడల్పవుతుంది, ఆస్పత్రి తలుపు పెట్టెలాగే, ఆ తలుపుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు. గుమ్మం మెట్టు మీంచి పిల్ల సైకిలుతో దిగుతుంది, తను పక్కన చతికిలబడి చూస్తాడు. బెజ్జం వెడల్పుగా ఉంటే ఫోర్కు అణిగినంత జోరుగానూ లేచి చేతుల్ని తన్నింది. సన్నగా చేస్తే అణిగింది గాని లేవడానికి బద్ధకించింది. అలాగైతే వరసగా వేర్లు వచ్చినప్పుడు మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే రెండోది పడుతుంది, అలా అణిగి అణిగి చివరికి కదలనే కదలదు, అంది కూతురు. అని తన మణికట్టు కేసి చూసుకుంది. మేస్త్రి మర ఒక్క టిక్కు వెనక్కి తిప్పాడు. మళ్ళీ దిగు. ఇంకో టిక్కు. మళ్ళీ. పిల్ల కళ్ళు మూసుకుని మెట్టు దిగడం మొదలుపెట్టింది, చేతులు ఏం చెబుతున్నాయో వింటానంది. ఒకసారి దిగి, ఆగి, కళ్ళు మూసుకునే, ఇదే నాన్నా, ఇక ముట్టుకోకు అంది. అప్పుడు చూశాడు ఆ వేళ్ళని. కణుపులు తెల్లగా లేవు. మామూలు చర్మం రంగులో ఉన్నాయి.

కానీ అది గుమ్మం మెట్టు. ఇది కొండ. ఎండ చెట్ల మీంచి పక్కకి వాలింది, నాచు మీద పడిన వెలుగు జరిగి అతని చెప్పు మీదకి వచ్చింది. ఏ చప్పుడూ లేదు. పిట్ట ఒకటి కూసి మానేసింది. ఆకు రాలినా వినిపించేటట్టు ఉంది, మట్టి కదిలిన అలికిడి కూడా లేదు. మెట్టు మీద బాగున్నది రాళ్ళ మీద బాగుంటుందా, గాలి ఎక్కువ తీసేశాడా, తీసేస్తే పెద్ద దెబ్బకి అడుగంటా పోయి ఇనుముకి ఇనుము కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం వినిపించాలి, వినిపించలేదు. బయల్దేరి ఉంటే ఈపాటికి గొలుసు వినిపించాలి, రాళ్ళు వినిపించాలి. బయల్దేరలేదు. లేదా బయల్దేరింది, ఎక్కడో పైన, మలుపులో. నిశ్శబ్దానికి లేచే పిల్ల అది, ఇప్పుడా నిశ్శబ్దం తన మీద పడి కూర్చుంది. తను ఇనుము మీద కొట్టడానికి ఇక్కడ సుత్తి కూడా లేదు. కళ్ళు కాయలు కాచాయి ఆ మలుపు వైపు చూసి. మోకాలి సంగతి తర్వాత చూసుకుందాం అని లేచాడు, దారి మీదకి ఒక అడుగు వేశాడు.

అప్పటికే అది అక్కడ ఉంది. మలుపులో. ఎప్పుడు వచ్చిందో తెలియలేదు, చెట్లలోంచి వెలుగు వచ్చినట్టు వచ్చేసింది. ఇందాక పొడుగాయన్ని ఎగరేసిన వేర్ల మీదే వస్తోంది, ఆ వేర్లే, ఆ గుంతలే, చక్రం మాత్రం నేలని వదలడం లేదు. గట్టు వస్తే పైకి ముడుచుకుంటోంది, గుంత వస్తే అడుగుదాకా చాచుకుంటోంది, మళ్ళీ గట్టు, మళ్ళీ గుంత, కంటికి ఆననంత వేగంగా, ఆ నేల ఎలా ఉంటే అలా. దాని పైన, జానెడు పైన, హ్యాండిలు. దాని మీద రెండు చేతులు. ఆ చేతులు కదలడం లేదు. నిండు గ్లాసు పట్టుకుని వస్తున్నట్టున్నాయి. కింద అంత అల్లకల్లోలం, పైన అంత నిదానం, మధ్యలో ఉన్నదల్లా కాస్త గాలీ కాస్త నూనే. మేస్త్రి నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాడు. చప్పుడు రాకపోవడం ఇదా. చప్పుడంటే దెబ్బ, దెబ్బ లేనిచోట చప్పుడెక్కడిది. ఇంత చిన్న సంగతి. జీవితమంతా చప్పుళ్ళు విన్న చెవులకి పనిలేకుండా చేసి, టైర్ల కింద మట్టి గుసగుస మాత్రం వదిలి, కూతురు అతని పక్కనుంచి దిగిపోయింది, గాలి ముఖానికి కొట్టింది. అతను వెనక్కి ఒక అడుగు వేసి రాయి మీద కూర్చున్నాడు.

దూరంగా ఆగింది. సైకిలు తిప్పి నడిపించుకుంటూ వచ్చింది, టోపీ తీసి హ్యాండిలుకి తగిలించింది, జుట్టంతా చెమటకి నుదురుకి అంటుకుపోయి ఉంది. ఏడ్చిందో పైన, కళ్ళ కింద చారికలున్నాయి, లేకపోతే చెమటో. ఎందుకు కూర్చుండిపోయావే అని అడగలేదు అతను. చెయ్యి ఎలా ఉంది అని కూడా అడగలేదు, అడిగితే దాని వెనక జవాబు వస్తుంది. బదులుగా వంగి ఫోర్కు చూశాడు. గొట్టం మీద సన్నగా దుమ్ము, దుమ్ములో ఉంగరం. గొట్టం చివరికి వేలెడు దూరంలో ఆగి ఉంది. కొండ మొత్తం మీద అతిపెద్ద దెబ్బ అక్కడిదాకా వచ్చి, అడుగు తాకకుండా వెనక్కి మళ్ళిపోయింది. గొట్టాన్ని తాకాడు, గోరువెచ్చగా ఉంది, ఇందాక చేతుల్లోకి పోవలసిన దెబ్బలన్నీ ఇక్కడ వెచ్చదనమై కూర్చున్నాయి. అరచెయ్యి తియ్యబుద్ధి కాక అలాగే ఉంచాడు.

"చాలాసేపు భయమేసింది నాన్నా" అంది కూతురు, కొండ వైపు చూస్తూ. "తర్వాత దీని మీద కూర్చున్నాను. కాస్త దిగింది. దిగి ఆగింది. అప్పుడు బయల్దేరాను."

ఊఁ అన్నాడు.

"లే, పోదాం. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది ఈపాటికి."

చెయ్యి చాచింది. మేస్త్రి చూశాడు. మరలున్న చెయ్యి. పొరపాటున చాచిందనుకుని రెండో చేతి కోసం తన చెయ్యి అటు జరిపాడు, ఆమె అడ్డంగా తలూపింది, కాదు అని, మునుపటి పద్ధతిలోనే, ముందు కాదని.

"అది కాదు. ఇది పట్టుకో."

పట్టుకున్నాడు. ఊరికే తాకినట్టు పట్టుకుని మోకాళ్ళతోనే లేవబోయాడు, లేవలేకపోయాడు. "బరువు వెయ్యి నాన్నా" అంది. ఊపిరి బిగబట్టి బరువు వేశాడు, కొలిమి ముందు గట్టిపడ్డ ఒళ్ళు, పెద్ద మనిషి ఒళ్ళు, మొత్తం వేశాడు. ఆ చెయ్యి కాస్త కిందికి దిగింది. దిగి, నిలిచింది. అతను లేచాడు.